నా కేసులో నాతో నిలబడినవాళ్లకి

పోయిన శుక్రవారం నా విడాకుల డిక్రీ కాపీ, అంటే కోర్టు ఇచ్చిన తీర్పు కాగితం, చేతికొచ్చింది. తెచ్చి బీరువాలో పెడుతుంటే మా అమ్మ అడిగింది, "ఇంక వాయిదాలు లేవు కదే?" అని. లేవమ్మా అన్నాను. నా నోటితో ఆ మాట అన్నాకే నాకూ నమ్మకం కుదిరింది.

నాకు సాయం చేసినవాళ్లలో కొందరి ఫోన్ నంబరు కూడా నా దగ్గర లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. పేర్లు రాయట్లేదు, చదివితే ఎవరికి వాళ్లకే తెలుస్తుంది.

మాది విశాఖలో గాజువాక. ముందు గదిలో కుట్టుమిషన్ పెట్టుకుని జాకెట్లు కుడతాను. 2022 సంక్రాంతికి బాబుని తీసుకుని హైదరాబాద్ నుంచి పుట్టింటికి వచ్చి, మళ్లీ వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఇక్కడ చెప్పను. రేపు బాబు చదువుతాడు. 2024 ఆగస్టులో హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. మా ఆయన విడాకులకి కేసు వేశారు, ఫలానా తేదీకి హాజరు కావాలి అని. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం ఎక్కితే తెల్లారి దిగాలి. రానుపోను రెండు రాత్రులు, మధ్యలో ఒక పగలు కోర్టు వరండాలో. ఆ మూడు రోజులూ మిషన్ ఆగిపోతుంది, బాబు స్కూలు పోతుంది. వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ అయిపోతావని, అంటే నువ్వు లేకుండానే తేల్చేస్తారని ఒకరు, కోర్టులెందుకు, పెద్దమనుషుల ముందు వంద రూపాయల బాండ్ పేపరు మీద రాసుకుంటే సరిపోతుందని ఇంకొకరు. అటువైపు నుంచి ఆ పేపరు టైపు చేయించి పంపారు కూడా. ఒక లాయరు దగ్గరికి వెళ్తే ముందు 40 వేలు అన్నాడు, ప్రతి వాయిదాకీ దారిఖర్చులు వేరే అన్నాడు. అంటూ నా చెవుల వైపు చూశాడు. జుంకాలు ఉన్నాయి మరి.

మొదటి థాంక్స్ మా వీధి చివరి అక్కకి. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చి, నా మొహం చూసి, ఏంటే అంది. సమన్లు చూపించాను. అక్క పారా లీగల్ వాలంటీర్ అని, అంటే నాలాంటివాళ్లకి న్యాయ సహాయం ఎక్కడ దొరుకుతుందో చూపించే మనిషి అని నాకు అప్పటిదాకా తెలీదు, ఏదో మీటింగులకి వెళ్తుంది అనుకునేదాన్ని. "ఆడవాళ్లకి కేసు ఉంటే లాయర్ని న్యాయ సేవాధికార సంస్థే పెడుతుంది. నీ ఆదాయం ఎంత అని కూడా అడగరు. 1987 న్యాయ సేవల చట్టంలోనే ఉంది" అంది. నేను నమ్మలేదు. ఫ్రీగా వచ్చే లాయరు ఏం చూస్తాడులే అని కూడా అనుకున్నాను, దాచడం ఎందుకు. అక్క న్యాయ సహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేసింది. అవతల అమ్మాయి కూడా అదే మాట చెప్పింది. మర్నాడు అక్కే నన్ను బస్సెక్కించి జగదాంబలో దింపి కోర్టు దాకా నడిపించింది. బాండ్ పేపరు సంగతి దారిలో చెబితే నవ్వింది. "ఎన్ని సంతకాలు పెట్టుకున్నా చట్టం ముందు మీరు మొగుడూ పెళ్లాలే" అంది.

జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఒక అప్లికేషన్ రాయించుకున్నారు, ఆధార్ జిరాక్స్, సమన్ల జిరాక్స్ తీసుకున్నారు. కోర్టు ఫీజు లేదు, టైపింగ్ ఖర్చు కూడా నన్ను అడగలేదు. వాళ్లే హైదరాబాద్ సంస్థకి కాగితం పంపితే అక్కడ ఒక లాయర్ గారు నా తరఫున వాదిస్తానని వకాలత్ వేసి వాయిదా తీసుకున్నారు. ఆయన్ని నేను ఇప్పటికీ చూడలేదు. సార్, మీరు ఎవరో గానీ, ఆ రోజు రాత్రి నెల రోజుల తర్వాత నిద్రపోయాను.

ఇక్కడ విశాఖ సంస్థ తన జాబితాలోంచి నాకు పెట్టిన ప్యానెల్ లాయర్ మేడం గారి గురించి ఎంత రాసినా తక్కువే. మొదటి రోజు ఆవిడ నన్ను కేసు గురించి అడగలేదు. "పెళ్లి ఆల్బమ్ ఉందా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఆ ఆల్బమ్ అటక మీద పారేశాను. తీసుకెళ్లాను. ఒక్కో ఫోటో దగ్గర ఆగి వేలు పెట్టి అడిగారు: ఈ కాసులపేరు ఎవరు పెట్టారు, ఈ వంకీలు ఎవరివి, ఈ వెండి కంచం ఇప్పుడెక్కడుంది, వెనకాల కనిపిస్తున్న ఆ బీరువా ఎవరు కొన్నారు. నేను చెప్తుంటే తెల్లకాగితం మీద రాసుకున్నారు. "పెళ్లిలో నీకు పెట్టినవన్నీ నీ స్త్రీధనం. వాళ్ల ఇంట్లో ఉన్నంత మాత్రాన వాళ్లవి అయిపోవు. సుప్రీం కోర్టు 1985లోనే చెప్పింది" అన్నారు. రెండు గంటలు పట్టింది. మధ్యలో ఒక ఫోటోలో మా నాన్న కనిపించారు, పంచె కట్టుకుని బిందె మోస్తూ. ఆయన పోయి మూడేళ్లు. మేడం గారు పెన్ను పక్కన పెట్టి, టీ తెప్పించి, నేను తాగేదాకా ఏమీ అడగలేదు.

తర్వాత మనోవర్తి కేసు, అంటే నెలనెలా భరణం కోసం. ఇన్నాళ్లూ అందరూ 125 సెక్షన్ అనేవాళ్లు, 2024 జులై నుంచి కొత్త చట్టంలో అది 144 అయిందట. 144 సెక్షన్ అంటే మా వీధిలో నలుగురు గుమిగూడొద్దని పోలీసులు మైకులో చెప్పేదే తెలుసు మాకు. మా అమ్మ హడలిపోయింది. ఆ కేసు నేను ఉన్న ఊళ్లోనే వేసుకోవచ్చని, హైదరాబాద్ వెళ్లక్కర్లేదని మేడం గారు చెప్పారు. దానికి ఒక అఫిడవిట్, అంటే ప్రమాణపత్రం ఉంది, ఇద్దరూ తమ ఆదాయాలు, ఆస్తులు, ఖర్చులు అన్నీ రాసివ్వాలి. సుప్రీం కోర్టు 2020లో పెట్టిన పద్ధతి అది. అందులో నా నెల మొత్తం రాయాల్సి వచ్చింది. బియ్యం, పాలు, గ్యాస్, బాబు వ్యాన్, మిషన్ రిపేరు. పెళ్లిళ్ల సీజన్లో ఎంత వస్తుంది, ఆషాఢంలో ఎంత పడిపోతుంది. నేను సిగ్గుపడి ఆదాయం కొంచెం తగ్గించి చెప్పబోయాను. "అమ్మా, నువ్వు ఒక్క అంకె అబద్ధం రాస్తే మిగతా నిజాలన్నీ అనుమానంలో పడతాయి" అన్నారు. ఉన్నది ఉన్నట్టు రాశాను. అటువైపు అఫిడవిట్‌లో జీతం సగమే చూపించారు, బ్యాంకు స్టేట్‌మెంట్లు తెప్పించేసరికి బయటపడింది. కేసు తేలేదాకా ఇచ్చే మధ్యంతర భరణం, అప్లికేషన్ వేసిన తేదీ నుంచే లెక్కగట్టి ఇచ్చారు.

ఇక హైదరాబాద్ కేసుని విశాఖకి మార్పించడం. ఇద్దరమూ తెలుగువాళ్లమే, రెండూ మొన్నమొన్నటిదాకా ఒకే హైకోర్టు కింద ఉన్న ఊళ్లే. కానీ 2019 జనవరి 1 నుంచి ఆంధ్రకీ తెలంగాణకీ హైకోర్టులు వేరు. రాష్ట్రం దాటి కేసు మారాలంటే ఢిల్లీలో సుప్రీం కోర్టే మార్చాలట. ఢిల్లీ అనగానే నా పని అయిపోయింది అనుకున్నాను. అక్కడ కూడా సుప్రీం కోర్టు న్యాయ సేవల కమిటీ ఉంది, ఆడవాళ్లకి ఉచితమే. కాగితాలు ఇక్కడి నుంచే పంపాం. అక్కడి లాయర్ గారికి తెలుగు రాదు, నాకు హిందీ అంతంతమాత్రం. ఆయన వీడియో లింక్ పంపితే మిషన్ మీద ఫోన్ ఆనించి చూశాను. మా కేసు పట్టుమని రెండు నిమిషాలు లేదు. నోటీసు ఇచ్చి, హైదరాబాద్‌లో విచారణ ఆపమన్నారు. ఏం జరిగిందో నాకు అర్థం కాక ఫోన్ చేస్తే "హో గయా బేటీ" అన్నారు. తర్వాత కొన్నాళ్లకి కేసు విశాఖకి వచ్చేసింది.

ఇక్కడ జడ్జి గారు మీడియేషన్‌కి, అంటే మధ్యవర్తి ముందు రాజీ మాటలకి పంపారు. నాలుగు సార్లు కూర్చున్నాం. మూడోసారి బంగారం దగ్గర పెద్ద గొడవ. మేము 15 కాసులు అంటాం, వాళ్లు 12 తులాలే అంటారు. అరగంట అరుచుకున్నాం. మా అమ్మ లేచి నిలబడింది. మీడియేటర్ గారు చిన్నగా క్యాలిక్యులేటర్ తీసి, "కాసు 8 గ్రాములు, 15 కాసులు 120. మీ తులం 10 గ్రాములేనా? 12 తులాలు 120. ఇంక దేనికి కొట్టుకుంటున్నారు?" అన్నారు. ఆ గదిలో నేనూ బాబు వాళ్ల నాన్నా ఒకేసారి నవ్వింది అప్పుడే, బహుశా మూడేళ్లలో మొదటిసారి. ఆ తర్వాత మాటలు తేలికయ్యాయి. నగలు తిరిగి ఇవ్వడం, బాబు పేరున డిపాజిట్, బాబు నా దగ్గర, రెండో శనివారం నాన్న దగ్గర. పరస్పర అంగీకారం మీద పిటిషన్ వేశాం. ఆరు నెలలు ఆగాలి కదా అనుకుంటే, ఇంతకాలంగా విడిగా ఉన్నారు, అన్నీ తేలిపోయాయి కాబట్టి ఆ గడువు మాఫీ చేయొచ్చని సుప్రీం కోర్టు 2017 తీర్పు చూపించి మేడం గారు అడిగారు. జడ్జి గారు ఒప్పుకున్నారు. ఈ పని లోక్ అదాలత్‌లో ఒక్క పూటలో అయిపోయేది అని మా మావయ్య ఇప్పటికీ అంటాడు. విడాకులు అక్కడ ఇవ్వరు మావయ్యా, పదోసారి చెప్తున్నాను.

ఇంకో మనిషికి కూడా థాంక్స్ చెప్పాలి, మా అమ్మకి నచ్చకపోయినా సరే. అవతలి లాయర్ గారు. మొదట్లో నా మీద రాయకూడనివి రాశారు. కానీ చివరి సిట్టింగ్‌లో ఆయన తన క్లయింటుని బయటికి తీసుకెళ్లి పది నిమిషాలు మాట్లాడాకే స్కూలు ఫీజు విషయం తెగింది. అద్దం తలుపులోంచి చూశాను, ఆ లాయర్ గారే చేతులు జోడిస్తున్నారు.

నా బాకీ జాకెట్లన్నీ ఓపిక పట్టిన మా కస్టమర్లకి, వాయిదా రోజుల్లో బాబుని స్కూలు నుంచి తెచ్చి అన్నం పెట్టిన పక్కింటి పిన్నిగారికి, ఫైలు ఏ గదిలో ఉందో ప్రతిసారీ చూపించిన కోర్టు అటెండర్ బాబాయికి కూడా థాంక్స్.

మేడం గారు నా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. రెండు జాకెట్లు కుట్టి తీసుకెళ్తే కుట్టుకూలి అక్కడికక్కడే ఫోన్‌పే చేశారు, వద్దంటే కోప్పడ్డారు. మేడం గారూ, ఆకుపచ్చదానికి చేతులు లూజుగా వచ్చాయన్నారు కదా. అక్కతో పంపించండి, ఆదివారంలోపు సరిచేసి ఇస్తాను.