చలిపట్టిన గొర్రెపిల్లకు మొదట థర్మామీటర్

సంపాదకులకు నమస్కారం.

ఈతల కాలంలో వడిలిపడిన గొర్రెపిల్ల కనబడగానే కొందరు నోట్లో పాలు పోస్తారు, కొందరు మంట దగ్గర పడుకోబెడతారు. రెండూ ప్రేమతో చేసేవే. వరస తప్పితే మాత్రం రెండూ పిల్ల ప్రాణం తీస్తాయి.

నోట్లో వేలుపెడితే చల్లగా తగిలే పిల్లకు ముందు ఒళ్లు పొడిగా తుడిచి, మలద్వారంలో థర్మామీటర్ పెట్టి చూడాలి. ఉండాల్సింది 39 నుంచి 40 డిగ్రీల సెల్సియస్. 37కీ 39కీ మధ్య ఉంటే ముర్రుపాలు పట్టి, గాలి తగలని చోట తల్లితోనే ఉంచితే సాధారణంగా తేరుకుంటుంది.

చిక్కంతా 37 కంటే తగ్గినప్పుడే. అప్పుడు పుట్టి ఎంతసేపయిందో తెలియాలి. ఐదు గంటల లోపైతే పుట్టుకతో వచ్చిన కొవ్వు ఇంకా కొంత మిగిలి ఉంటుంది కాబట్టి ముందు వెచ్చబెట్టి, తర్వాత పాలు పట్టవచ్చు. ఐదు గంటలు దాటితే ఆ కొవ్వు అయిపోయి, రక్తంలో చక్కెర అడుగంటుతుంది. ఆ స్థితిలో ఒళ్లు వేడెక్కిస్తే ఉన్న కాస్త చక్కెరా ఖర్చయి, మెదడుకు అందక, పిల్ల ఫిట్స్ వచ్చి చనిపోతుంది. 'వెచ్చబెట్టాం, అయినా పోయింది' అనేవారి పిల్లల్లో చాలావాటికి జరిగేది ఇదే. అందుకని తల నిలపగలిగితే ముందు ముర్రుపాలు, తర్వాత వేడి. తల వాల్చేస్తే నోటితో చుక్క కూడా పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అలాంటి పిల్లకు కిలో బరువుకు 10 మి.లీ. చొప్పున 20 శాతం గ్లూకోజ్‌ను ఒంటివేడికి తెచ్చి సూదితో పొట్ట కుహరంలోకి (జీర్ణాశయంలోకి కాదు) ఎక్కించాకే వేడి చూపాలి. ఆ సూది పశువైద్యుడు గాని, ఆయన దగ్గర నేర్చుకున్నవారు గాని వేయాలి.

వెచ్చబెట్టే పెట్టెలో గాలి 35–37 డిగ్రీలు చాలు. అరగంటకోసారి చూసి, ఒళ్లు 37 దాటగానే బయటికి తీయాలి. వేడినిచ్చే దీపం (హీట్ ల్యాంప్) మరీ కిందికి వేలాడితే చర్మం కాలుతుంది, గడ్డికి నిప్పంటుకుంటుంది.

గొర్రెల్లో రోగనిరోధక శక్తి మాయ గుండా పిల్లకు చేరదు, ముర్రుపాలతోనే రావాలి. దాన్ని పీల్చుకునే గుణం పేగుకు గంటగంటకూ తగ్గి, ఒక రోజుకు దాదాపు పోతుంది. మొదటి రెండు గంటల్లో కిలోకు 50 మి.లీ., రోజు మొత్తానికి కిలోకు 200 మి.లీ. అందాలి. అంటే మూడు కిలోల పిల్లకు తొలి విడత 150 మి.లీ. తల నిలిపినా చీకలేకపోతే, నోటి నుంచి కడుపులోకి దించే గొట్టమే దారి. ముక్కు కొస నుంచి చివరి పక్కటెముక దాకా కొలిచి గుర్తుపెట్టుకుని, నోటి పక్క నుంచి మెల్లగా దించాలి. దగ్గితే వెంటనే తీసేయాలి. సిరంజితో నెట్టకుండా పాలు వాటంతటవే దిగనివ్వాలి. బయటికి లాగేటప్పుడు గొట్టాన్ని నొక్కి పట్టుకోవాలి. గడ్డకట్టించి దాచిన ముర్రుపాలను గోరువెచ్చని నీళ్లలోనే కరిగించాలి. పొయ్యిమీద కాస్తే విరిగిపోతాయి, అందులోని రక్షణా పోతుంది.

బొడ్డును పుట్టగానే టింక్చర్ అయోడిన్‌లో పూర్తిగా ముంచి, రెండు మూడు గంటలకు మరోసారి ముంచాలి. పైపైన పూస్తే చాలదు.

తేరుకున్న పిల్లను ఎక్కువసేపు విడిగా ఉంచితే తల్లి దగ్గరికి రానివ్వదు. తిరిగి వదిలేముందు తల్లి చన్నులు రెండూ పిండి చూడండి. మొనలో మైనంలాంటి బిరడా అడ్డుపడి ఉంటే పిల్ల ఎంత చీకినా చుక్క రాదు.

ఇట్లు
కొందరు గొర్రెల పెంపకందారులు