బ్రష్‌తో నురగ రెండింతలు కాదు: మీ షేవింగ్ ఫోమ్ డబ్బాపై ఫిర్యాదు

హైదరాబాద్,
18 మే 2025

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: షేవింగ్ ఫోమ్ డబ్బా మీద అచ్చువేసిన 'బ్రష్‌తో వాడితే నురగ రెండింతలు' అనే మాట, వెనక వైపు ఇచ్చిన వాడే విధానం, నాజిల్ లోపం గురించి.

అయ్యా,

మేము నగరంలో సెలూన్లు నడుపుకుంటున్నవాళ్ళం, వాటిల్లో కత్తి పట్టే పనివాళ్ళం. మీ ఫోమ్‌ను బేగంబజార్ హోల్‌సేల్ దుకాణాల్లో డజన్ల లెక్కన కొంటున్నాం. ఈ మార్చి తర్వాత వచ్చిన డబ్బాల మీద బ్రష్ బొమ్మ వేసి, పైన చెప్పిన మాట రాశారు. వెనక వైపు మూడు ముక్కల్లో వాడే విధానం ఇచ్చారు: తడి బ్రష్ మీద ఫోమ్ వేయాలి, నురగ పెరిగే దాకా గుండ్రంగా తిప్పాలి, గీసుకోవాలి. ఇందులో మొదటి రెండూ తప్పు. ముందు వైపు రాసిన మాటైతే జరిగే పనే కాదు.

బ్రష్‌తో ఫోమ్ వాడకూడదని మేము అనడం లేదు. సరిగ్గా వాడితే చేత్తో పూసినదాని కంటే ఎంతో మేలు. చేత్తో పూసిన ఫోమ్ గడ్డం మీద మంచులా కూర్చుంటుంది, కింద వెంట్రుక మొదలు పొడిగానే ఉండిపోతుంది. బ్రష్ పడుకున్న వెంట్రుకను లేపి, తడిని, సబ్బును మొదలు దాకా తీసుకెళ్తుంది. బాగా తడిసిన వెంట్రుక తెగడానికి తక్కువ బలం చాలు. మంట తగ్గుతుంది, బ్లేడు కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. ఇంత మంచి పద్ధతి మీరు రాసిన తీరు వల్ల చెడ్డపేరు తెచ్చుకుంటోందన్నదే మా బాధ.

నురగ ఎందుకు పెరగదో చెప్తాం. డబ్బాలో ఉన్నది స్టియరిక్ ఆమ్లంతో చేసిన సబ్బు నీళ్ళు, అందులో సన్నటి బొట్లుగా కలిసిన ప్రొపేన్, బ్యూటేన్, ఐసోబ్యూటేన్. మన వంటగ్యాస్ సిలిండర్‌లో ఉండే రకం వాయువులే ఇవి. ఒత్తిడిలో ఉన్నంతసేపే ద్రవంగా ఉంటాయి. ఐసోబ్యూటేన్ సున్నాకు 12 డిగ్రీల కిందే మరిగిపోతుంది, బ్యూటేన్ సున్నాకు కాస్త అటూఇటూగా. కాబట్టి నాజిల్ దాటగానే మొత్తం వాయువవుతుంది, సబ్బు నీళ్ళను బుడగలుగా ఉబ్బిస్తుంది. కొన్ని సెకన్లలో ఆ ఉబ్బడం పూర్తయిపోతుంది. మిగిలిన బలం అందులో ఏమీ ఉండదు. చిన్న కాటా మీద తూచి చూడండి: నిమ్మకాయంత నురగ రెండు మూడు గ్రాములకు మించదు. తక్కిందంతా వాయువే. అలాంటి నురగను బ్రష్‌తో తిప్పితే బుడగల గోడలు చిట్లి వాయువు బయటికి పోతుంది. నురగ తగ్గి తీరుతుంది. బ్రష్ దాన్ని చిక్కబరచగలదు, సన్నబరచగలదు, తడి చేర్చగలదు. పెంచలేదు.

మామూలు షేవింగ్ క్రీము సంగతి వేరు. అందులో సబ్బు ఎక్కువ, నీళ్ళు తక్కువ. తిప్పే కొద్దీ నీళ్ళూ గాలీ తీసుకుని పెరుగుతుంది. మీరే అమ్మే జెల్ సంగతి ఇంకా వేరు. జెల్‌లో సాధారణంగా ఐసోపెంటేన్ ఉంటుంది, అది 28 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అందుకే జెల్ ముద్దగా బయటికి వచ్చి, చర్మం వెచ్చదనానికి, రాపిడికి నురగై పెరుగుతుంది. మన ఎండాకాలంలో గది వేడికే అరచేతిలో ఉబ్బడం మొదలుపెడుతుంది. మీ జెల్ డబ్బా పక్కన ఫోమ్ డబ్బా పెట్టి చూశాం. వెనక వైపు వాడే విధానం రెండింటికీ అక్షరం పొల్లు పోకుండా ఒకటే. జెల్‌కు రాసింది ఫోమ్‌కు అంటించారని మాకు అర్థమవుతోంది.

మీరు రాసినట్టే చేస్తే కుర్చీలో ఏం జరుగుతుందో చూడండి. తడి బ్రష్ అన్నారు గానీ ఎంత తడో చెప్పలేదు. నీళ్ళలోంచి తీసిన బ్రష్ కుచ్చులో, మీరు వేయమన్న నురగ బరువుకు రెండు మూడింతల నీళ్ళు సులువుగా ఉంటాయి. దాని మీద ఫోమ్ వేసి తిప్పితే పది సెకన్లలో పాలలా పలచబడి మెడ మీదుగా చొక్కా కాలర్‌లోకి కారుతుంది. అది చూసి కొందరు బ్రష్‌ను పూర్తిగా విదిలించి పొడిగా వాడుతున్నారు. అప్పుడు నురగంతా కుచ్చు లోపలికి పోయి అక్కడే చిట్లిపోతుంది, గడ్డానికి అంటేది పలచటి తెల్లపూత మాత్రమే. 'పెరిగే దాకా' తిప్పమన్నారు కనుక కొత్తవాళ్ళు నిమిషం, నిమిషంన్నర తిప్పుతూనే ఉంటారు. అంతలో గవద మీది పూత ఎండిపోతుంది. ఎండిన పూత మీద బ్లేడు జారదు, ఆగి ఆగి తెగుతుంది. గొంతు కింద ఎర్రటి పొక్కులు లేచేది అక్కడే. ఇక మళ్ళీ ఫోమ్ వేస్తారు, మళ్ళీ వేస్తారు. డబ్బా సగం రోజులకే ఖాళీ.

పనికొచ్చే పద్ధతి ఇది. మీ డబ్బా మీద అచ్చువేసుకోండి, మాకు అభ్యంతరం లేదు.

గడ్డాన్ని గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, తుడవకుండా వదిలేయాలి. లేదా వేడి టవల్ రెండు నిమిషాలు ఉంచాలి. వెంట్రుక నీళ్ళు పీల్చుకోవడానికి ఆ సమయం కావాలి, ఏ ఫోమ్ అయినా దాని బదులు పనిచేయదు. పంది వెంట్రుక బ్రష్ అయితే ఒక నిమిషం గోరువెచ్చటి నీళ్ళలో నానాలి, నైలాన్ లాంటి సింథటిక్‌కు ముంచి తీస్తే చాలు. తర్వాత రెండుసార్లు గట్టిగా విదిలించాలి. కుచ్చును కిందికి పట్టుకుంటే చుక్క రాలకూడదు, వేలితో నొక్కితే తడి తగలాలి. అదీ కొలత. డబ్బాను నిలువుగా పట్టి అయిదారుసార్లు కుదిపి, నిమ్మకాయంత ఫోమ్‌ను గిన్నెలోకో అరచేతిలోకో తీసుకోవాలి, బ్రష్ మీదికి నేరుగా కాదు. పది సెకన్లు ఆగాలి. ఉబ్బడం ముగిశాక బ్రష్ కొనలతో కొంచెం కొంచెంగా ఎత్తుకుని గడ్డం మీద చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు పది పదిహేను సెకన్లు రుద్దాలి. తర్వాత కుచ్చు కొన అర సెంటీమీటరు మాత్రం నీళ్ళలో ముంచి మళ్ళీ రుద్దాలి. ఇలా రెండు మూడుసార్లు. చివర గోడకు రంగు వేసినట్టు పైకీ కిందికీ లాగి చదును చేయాలి.

ఎప్పుడు సరిపోయిందో కంటికే తెలుస్తుంది. మొదట పూత దూదిలా, మెరుపు లేకుండా, కొనలు నిక్కి ఉంటుంది. నీళ్ళు సరిపోయాక బుడగలు కనబడవు, గడ్డపెరుగు మీగడలా నున్నగా మెరుస్తుంది. పరిమాణం మొదటి దానిలో సగానికి పడిపోయి ఉంటుంది, అయినా బ్లేడు కింద అదే బాగా జారుతుంది. గొంతు వైపు జారడం మొదలుపెడితే నీళ్ళు ఎక్కువైనట్టు. అప్పుడు ఉసిరికాయంత ఫోమ్ కలిపితే సర్దుకుంటుంది. ఈ నురగ క్రీము నురగలా అయిదారు నిమిషాలు నిలవదు, రెండు మూడు నిమిషాల్లో గీయడం మొదలుపెట్టి పూర్తిచేయాలి. వెంట్రుక వాలు వెంట ఒకసారి గీశాక, ఎదురు గీతకు మళ్ళీ కొత్తగా పూయాలి. ఇంకాస్త నిలవాలంటే ముందుగా బ్రష్ కొనలకు శనగగింజంత క్రీము రాసుకుని, ఆ తర్వాత ఫోమ్ ఎత్తుకోవాలి. క్రీములోని సబ్బు, గ్లిసరిన్ బుడగల గోడలను గట్టిపరుస్తాయి. దట్టమైన గడ్డాలకు మేము ఇదే చేస్తున్నాం.

నీళ్ళ సంగతి మీ డబ్బా మీద ఒక్క ముక్క లేదు. మా నగరంలో అది చిన్న విషయం కాదు. నల్లా నీళ్ళు మంజీరా, కృష్ణా, గోదావరి నుంచి వస్తాయి. చాలా బస్తీల్లో రోజు విడిచి రోజు, అదీ గంటో రెండు గంటలో. మిగతా వేళంతా బోరు, ట్యాంకరు. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన కఠినత్వపు హద్దు లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటుంది. మా బోర్ల నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం మీ ఫోమ్‌లోని సబ్బుతో కలిసి నీళ్ళలో కరగని తెట్టు అవుతాయి. చేత్తో పూసినప్పుడు ఈ బాధ కొద్దిగానే తెలుస్తుంది, ఎందుకంటే ఫోమ్‌కు కావలసిన నీళ్ళు డబ్బాలోనే ఉన్నాయి. బ్రష్ వాడమని చెప్పిన క్షణం నుంచి మా ఊరి నీళ్ళు మీ నురగలో కలుస్తాయి. నురగ అందుకే ఇంకా త్వరగా చస్తుంది.

రెండు వారాలు వాడిన బ్రష్ కుచ్చును బొటనవేళ్ళతో విడదీసి మొదలు చూడండి. పిడిలోకి దిగే చోట వెంట్రుకల చుట్టూ బూడిద రంగు మైనంలాంటి పొర కట్టి ఉంటుంది. గోటితో గీకితే ఉండలుగా వస్తుంది, వట్టి నీళ్ళకు పోదు. గ్లాసు గోరువెచ్చటి నీళ్ళలో అర చెంచా నిమ్మ ఉప్పు కలిపి, పది నిమిషాలు నానబెట్టి కడిగితే చాలావరకు వదులుతుంది. నురగ కలపడానికి నల్లా నీళ్ళో ఫిల్టర్ నీళ్ళో ఒక గిన్నెడు పక్కన పెట్టుకోవాలి. ముఖం కడగడానికి బోరు నీళ్ళయినా ఫరవాలేదు. ఈ రెండు మాటలు మీరు రాసి ఉంటే ఎన్నో బ్రష్‌లు మిగిలేవి.

ఇక నాజిల్. బ్రష్ మీదే ఫోమ్ వేయమని బొమ్మ గీయడంతో, పనివాళ్ళు నాజిల్‌ను తడి కుచ్చులోకి గుచ్చి నొక్కుతున్నారు. వెంట్రుకలు, నీళ్ళు, పాత సబ్బు నాజిల్ రంధ్రంలోకి వెళ్ళి అక్కడే ఎండుతున్నాయి. తర్వాత వేలు తీసినా వాల్వ్ పూర్తిగా మూసుకోవడం లేదు. నొక్కాక నాజిల్ మెడలో మిగిలిన కాస్త ఫోమ్ ఉబ్బి కారడం మామూలే, దాన్ని తుడిస్తే సరి. కానీ ఈ డబ్బాలు రాత్రంతా కారుతున్నాయి. పొద్దున చూస్తే డబ్బా బరువుగానే ఉంటుంది, నొక్కితే రాదు. వాయువు పోయి సబ్బు నీళ్ళు లోపలే మిగిలాయన్నమాట. పక్కకు వాల్చి నొక్కినా ఇదే గతి. లోపలి గొట్టం కొన ద్రవం పైకి తేలి, వట్టి వాయువు బుస్సుమని పోతుంది. నిలువుగా పట్టి వాడాలన్న మాట కూడా మీరు రాయలేదు. డబ్బా అడుగు అంచుకు పూత సరిగా లేక, తడి గ్రానైటు మీద రెండు రోజులకే గుండ్రటి తుప్పు మచ్చ పడుతోంది.

కారే వాయువు మండేది. వంటగ్యాస్‌కు లీకు తెలియడానికి వాసన కలుపుతారు, మీ డబ్బాలో వాయువుకు అలాంటి వాసనేమీ లేదు. సెలూన్లో పొద్దున్నే అద్దం పక్కన దేవుడి పటానికి అగరుబత్తి, దీపం వెలిగించడం అందరికీ ఉన్న అలవాటే. నిప్పుకు దూరంగా, 50 డిగ్రీలు మించని చోట ఉంచమన్న హెచ్చరికను ఆవగింజంత అక్షరాల్లో, ఇంగ్లీషులో మాత్రమే వేశారు. చలికాలంలో ఫోమ్ మెల్లగా వస్తోందని గీజర్ నీళ్ళ బకెట్‌లో డబ్బా ముంచేవాళ్ళున్నారు. వాళ్ళకు ఆ హెచ్చరిక తెలుగులో, పెద్దగా కనబడాలి. ప్యాకెట్ వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చట్టానికి చాలు, మాకు తెలుసు. ప్రాణానికి సంబంధించిన మాటకు చట్టం అడిగేంత మటుకే చాలదు.

డబ్బా మీద 'సెలూన్లకు ప్రత్యేకం' అని కూడా ఉంది. అలాంటప్పుడు ఒకరికి వాడిన బ్రష్ మరొకరికి వాడవద్దని రాయాల్సింది. ఫోమ్ వైపు చాలా సెలూన్లు మొగ్గడానికి అసలు కారణమే ఉమ్మడి బ్రష్ బెడద. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం ఏడు రోజులు బతకగలదు. బ్లేడు ఒకరికి ఒకటి అన్న నియమం పాటిస్తూ, చిన్న గాటు మీద తిరిగిన బ్రష్‌ను పక్క కుర్చీకి ఇస్తే ప్రయోజనం ఏముంది?

మీ కస్టమర్ కేర్ నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశాం. 'బాగా కుదిపి వాడండి' అన్న ఒక్క జవాబే వచ్చింది. అందుకే రాతపూర్వకంగా అడుగుతున్నాం. కారిపోయిన, వాయువు పోయిన 31 డబ్బాలు మా దగ్గర ఉన్నాయి, వాటిని మార్చి ఇవ్వాలి లేదా డబ్బు వాపసు చేయాలి. 'నురగ రెండింతలు' అన్న మాట తీసేయాలి. ఫోమ్‌కు, జెల్‌కు వేర్వేరు వాడే విధానాలు, నీళ్ళ కొలతతో సహా, తెలుగులో కూడా అచ్చువేయాలి. డబ్బా మీద రాసిన నికర బరువులో వాయువు బరువు కలిసి ఉందో లేదో చెప్పాలి.

ఈ ఉత్తరం అందిన 30 రోజుల్లో రాతపూర్వక జవాబు కోరుతున్నాం. రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. వ్యాపారానికి కొన్నారు కదా, మీరు వినియోగదారుల కిందికి రారు అని మీరు అనవచ్చు. కానీ స్వయం ఉపాధితో బతుకుదెరువు కోసం మాత్రమే కొన్న వస్తువుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. కుర్చీ ఒకటో రెండో వేసుకుని సొంత చేతులతో పనిచేసుకునే మాకు ఆ మినహాయింపు ఉంది.

కొనుగోలు బిల్లుల నకళ్ళు, బ్యాచ్ నంబర్ల పట్టిక, తుప్పు మచ్చల ఫొటోలు, ఒకే విధానం అచ్చయిన ఫోమ్, జెల్ డబ్బాల ఫొటోలు జతచేస్తున్నాం. కారుతున్న డబ్బాలను నిప్పుకు దూరంగా, గాలి ఆడే చోట, నిలువుగా ఉంచాం. వాటిని కొరియర్‌లో పంపలేం. తీసుకెళ్ళడానికి మీ మనిషినే పంపండి.

ఇట్లు,
హైదరాబాద్ సెలూన్ల నిర్వాహకులు, పనివారు