ఆరోగ్య శాఖ మంత్రి గారికి: వెలుతురు వైద్యం గుంటూరుకు కావాలి

అయ్యా,

పొగాకు బోర్డు ఉన్న ఊరి నుంచి రాస్తున్నాను. చుట్ట, ఖైనీ, గుట్కాలతో నోటి క్యాన్సర్ తెచ్చుకున్నవాళ్లు మా పెద్దాసుపత్రిలో ఏ రోజైనా కనిపిస్తారు. దవడ తీసేస్తే మనిషి దక్కుతాడు సరే, మళ్లీ ముద్ద నమలగలడా అన్నదే ఇంట్లోవాళ్ల టెన్షన్.

వెలుతురు పడితే పనిచేసే క్యాన్సర్ మందులంటూ ఈమధ్య వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతున్నాయి. ఫార్మసీ పాఠాలు చెప్పేవాణ్ని కదా, అందరూ నన్నే అడుగుతున్నారు. విషయం నిజమే. చీకట్లో ఆ మందు ఊరికే ఉంటుంది. లేజర్ కాంతి తగిలాకే పక్కనున్న ఆక్సిజన్‌ను రెచ్చగొడుతుంది. అలా రేగిన ఆక్సిజన్ ఆయుష్షు మైక్రోసెకన్లే, పుట్టినచోటే కాల్చి చల్లారిపోతుంది. కాబట్టి మందు కణంలో ఎక్కడ చేరిందన్నది ముఖ్యం. డీఎన్‌ఏ దస్తావేజైతే ఆర్‌ఎన్‌ఏ దాని నకలు. కణం ప్రోటీన్లు చేసుకునేది ఆ నకలు చూసే. రుథేనియం లోహంతో చేసిన కొన్ని మందులు ఆర్‌ఎన్‌ఏను పట్టుకుని, వెలుతురు పడగానే అందులోని గ్వానిన్ అనే అక్షరాన్ని చెడగొడతాయి. ఇవింకా ల్యాబు దశలోనే ఉన్నాయి. రేపే వచ్చేస్తాయని దయచేసి ప్రెస్‌మీట్‌లో అనకండి.

నేనడిగేది ఇలాగే వెలుతురుతో పనిచేసే పాత మందుల సంగతి. అన్నవాహిక క్యాన్సర్‌కు ఫోటోఫ్రిన్‌ను అమెరికా 1995లోనే అనుమతించింది. ముదిరిన తల, మెడ క్యాన్సర్లకు ఫోస్కాన్‌ను యూరప్ 2001లో ఒప్పుకుంది. ఎర్ర కాంతి కండలోకి సెంటీమీటరు దిగడమే కష్టం, లోతు గడ్డలతో చిక్కే. నోరు తెరిస్తే కనబడే పుండుకు ఆ బాధ లేదు.

మెలిక వేరేచోట ఉంది. ఫోటోఫ్రిన్ ఎక్కించుకున్నవాళ్లకు కనీసం 30 రోజులు ఎండ తగలకూడదు. సన్‌స్క్రీన్ పూసుకున్నా ఆగదు. మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషికి, అదీ మే నెలలో, ఈ మాట ఎలా చెప్పాలి? లేజర్ కొని, రిబ్బన్ కత్తిరించి వెళ్లిపోతే సరిపోదండీ. మందమైన పరదాలున్న వార్డు కావాలి. పొద్దుగుంకాక డిశ్చార్జి చెయ్యాలి. నెల రోజుల కూలి ఎవరో ఒకరు ఇవ్వాలి. కోలుకునే రోజులకు భృతి ఇవ్వడం ఈ రాష్ట్రం 2019లో మొదలుపెట్టిందే, కొత్తేం కాదు. పథకానికి పేరు మీకు నచ్చింది పెట్టుకోండి.

క్యాన్సర్ విభాగం ఉన్న గుంటూరు జనరల్ ఆసుపత్రిలో ఒక్క యూనిట్ పెట్టించండి, ఎన్టీఆర్ వైద్యసేవ ప్యాకేజీలో చేర్చండి. ఆర్‌ఎన్‌ఏను పట్టుకునే ఆ కొత్త మందులు ట్రయల్స్‌కు వచ్చేనాటికి లేజర్ పట్టడం తెలిసిన డాక్టర్లు, నర్సులు ఇక్కడే ఉంటారు. మొదటి రోగులను మాత్రం ఎండలు తగ్గాక, కార్తీకంలో చేర్చుకోమనండి.

ఇట్లు,
ఒక ఫార్మసీ అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు