మెమరీ టానిక్ సరే, బీపీ ఎప్పుడు చూపించుకున్నారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మెదడు చురుగ్గా ఉండాలంటే బాదం పప్పులు నానబెట్టి తినండి, పదవినోదం నింపండి అని ఆరోగ్యం పేజీల్లో తరచూ రాస్తుంటారు. రాయండి, తప్పేం లేదు, పదవినోదం నేనూ నింపుతాను. కానీ పాలకొల్లు దగ్గర ఏళ్ళ తరబడి మందుల షాపు నడుపుతున్నవాడిగా ఒక మాట. మా గోదావరి డెల్టాలో మనుషుల మెదళ్ళని ఎక్కువగా దెబ్బతీస్తున్నది బీపీ, దాని గురించి ఆ పేజీల్లో వచ్చేది మాత్రం చాలా తక్కువ.

పరీక్షలు దగ్గరపడితే మా కౌంటర్ దగ్గర తండ్రులు వరస కడతారు, పిల్లాడికి మెమరీ టానిక్ ఇవ్వండి అని. అమ్మితే నాకే లాభం, అయినా చెప్తున్నా, సరిగ్గా తిని నిద్రపోయే పిల్లాడికి టానిక్ వల్ల జ్ఞాపకశక్తి పెరుగుతుందనడానికి గట్టి రుజువు లేదు. ఆ తండ్రినే మీ బీపీ ఎంతండీ అని అడగండి, "నాకేం బీపీ అండి, ఎప్పుడూ తలనొప్పి కూడా రాలేదు" అంటాడు. బీపీకీ తలనొప్పికీ చాలామందిలో సంబంధమే ఉండదు. ఏ బాధా లేకుండానే ఏళ్ళ తరబడి మెదడులోని సన్నటి రక్తనాళాలను గట్టిపరుస్తుంది, ఒకరోజు ఏదో ఒకటి మూసుకుపోతుంది, లేదా చిట్లుతుంది. దాన్నే మనం పక్షవాతం అంటాం. పైకి తెలియకుండా అక్కడక్కడా చిన్న చిన్న నాళాలు మూసుకుపోతే పెద్దవయసులో మతిమరుపుగా బయటపడుతుంది. రెండు మూడు సార్లు చూసినా 140/90 దాటుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

వెళ్ళినవాళ్ళతో ఇంకో తంటా. "ఆయ్, నార్మల్‌కి వచ్చేసిందండి, అందుకే ఆపేశా." అది నార్మల్‌కి వచ్చింది ఆ బిళ్ళ వేసుకోవడం వల్లే కదా బాబూ! ఇంకొందరు పక్కింటాయనకి పనిచేసిన బిళ్ళే నాకూ ఇమ్మంటారు. గోదావరి మధ్యలో ఉండే లంక గ్రామాల వాళ్ళకైతే వరదల్లో కాజ్‌వే మునిగితే మందులు అయిపోయి రోజుల తరబడి ఆగిపోతాయి, అందుకే గోదావరి ఎర్రబడుతుండగానే నెల మందులు ఇంట్లో పెట్టుకోమని వాళ్ళకి మరీ మరీ చెప్తాను. డబ్బు ఇబ్బందైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో (పీహెచ్‌సీ) ఉచితంగా ఇస్తారు, జన ఔషధి షాపుల్లో చవకగా దొరుకుతాయి. నా బేరం పోతే పోయింది.

ఉప్పు సంగతి తెలిసిందే. రోజుకి 5 గ్రాముల లోపు అంటే అన్నీ కలిపి ఒక టీ చెంచా. మనకేమో ఆవకాయ, మాగాయ, ఉప్పుచేప, అవి చాలనట్టు పెరుగన్నంలో మళ్ళీ ఉప్పు. ఆవకాయ మానమంటే మా ఇంట్లోనే నా మాట వినరు, కాబట్టి పచ్చడి వేసుకునే పూట కూరలో ఉప్పు తగ్గించండి, పెరుగన్నంలో అసలు వెయ్యకండి.

నిద్ర గురించి రొయ్యల రైతులకి ఒక మాట చెప్పాలి. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని అర్ధరాత్రి లేచి, నీళ్ళలోకి గాలి పట్టించే ఏరియేటర్లు చూసుకుంటారు. మెదడు కూడా ఆ చెరువు లాంటిదే, ఒంటి బరువులో 2 శాతమే ఉన్నా ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్‌లో ఐదో వంతు దానికే కావాలి. రాత్రి వంతులు వేసుకుని ఒకళ్ళు చూస్తుంటే ఒకళ్ళు పడుకోండి, రోజులో ఏడు గంటలైనా పడేలా చూసుకోండి. పెద్దగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యే మనిషిని చూసి నవ్వుకోకుండా డాక్టర్‌కి చూపించండి, అది బీపీని కూడా పెంచుతుంది. దయచేసి డాక్టర్ చీటీ లేకుండా నిద్రబిళ్ళలు మాత్రం అడగొద్దు. పెద్దవాళ్ళు ఆ మత్తులో రాత్రి లేచి పడిపోతుంటారు, తలకి దెబ్బ తగిలితే మళ్ళీ మెదడుకే.

హెల్మెట్ పెట్రోల్ ట్యాంకు మీద పెట్టుకుని కాలవగట్టు మీద బండి తోలేవాళ్ళని ఏమనాలో నాకు తెలీదు. పెట్టుకుంటే తలకి గాయాలు సుమారు 69 శాతం, చావులు 42 శాతం తగ్గుతాయని పరిశోధనలన్నీ కలిపి లెక్కగట్టారు. బకిల్ బిగించకపోతే అది ఎగిరిపడుతుంది, పెట్టుకున్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

చెవుల గురించి చాలామంది ఆలోచించరు. లాన్సెట్ పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుకి మనం సరిచేసుకోగలిగిన కారణాలు 14 చెప్పింది, అన్నిటినీ సరిచేస్తే దాదాపు 45 శాతం కేసులు రాకుండా ఆపొచ్చు, లేదా ఆలస్యం చేయొచ్చు అంది. బీపీ, సుగర్, పొగ, మద్యం, ఒంటరితనం ఇవన్నీ ఉన్న ఆ జాబితాలో వినికిడి తగ్గడం పెద్ద కారణాల్లో ఒకటి. మన ఇళ్ళల్లో నాన్నకి వినపడటం లేదని టీవీ సౌండ్ పెంచుతారు, ఆయనతో మాట్లాడటం తగ్గిస్తారు, ఆయన అరుగు మీద ఒంటరి అయిపోతాడు. చెవి మిషన్ పెట్టించడానికి నామోషీ దేనికి? కళ్ళజోడుకి లేని సిగ్గు చెవికెందుకో!

చివరిగా మీ పేపర్‌ని అడిగేది. పక్షవాతం గుర్తుగా మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి, ఎన్ని గంటలకి మొదలైందో గుర్తుపెట్టుకోవాలి. నాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, అదీ స్కాన్ తీసి రక్తస్రావం లేదని తేలాకే. ఆస్పిరిన్ ఇంట్లోనే మింగించడం, పావురం రక్తం రాయడం, పసరు పోయడం, తెల్లారాక చూద్దాం అనుకోవడం, ఇవన్నీ ఇంకా జరుగుతున్నాయి. రాత్రివేళ సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ రెండూ దొరికే ఆసుపత్రులు భీమవరం, అమలాపురం, రాజమండ్రి, కాకినాడ, ఏలూరు వైపు ఏవేవి ఉన్నాయో మీ విలేకరులతో కనుక్కుని, ఫోన్ నంబర్లతో జిల్లా ఎడిషన్‌లో వేయండి. వరదలు మొదలయ్యేలోపు వేస్తే ఇంకా మంచిది. ఆ కటింగ్ మా షాపు అద్దానికి అంటించే పని నాది.

ఇట్లు,
ఒక మందుల షాపు యజమాని,
పాలకొల్లు దగ్గర, పశ్చిమ గోదావరి జిల్లా