పరీక్ష సెంటరు బయట చింతచెట్టు కింద నుంచి

ఆదివారం, 8 డిసెంబరు 2024
టైము పదీ పది

ఒరేయ్ బావా,

ముందు కాగితాల సంగతి. ఇవి మన బడిలో మిగిలిపోయిన ఎడిషనల్ షీట్లు. మార్జిన్ కనపడింది కదా అని మార్కులు వేసెయ్యకు. పొద్దున్నే ఎనిమిదో తరగతి పిల్లలు తొమ్మిది మందిని ఒక ఆటోలో కుక్కుకుని టౌన్‌కి తీసుకొచ్చాను. ఎన్.ఎం.ఎం.ఎస్. స్కాలర్‌షిప్ పరీక్ష. పదింటికి లోపలికి వెళ్ళారు, ఒంటిగంటకి గాని వదలరు. బయట చింతచెట్టు కింద నేను, ఆటో అతను, ఇంకో ఊరి సైన్సు మాస్టారు. ఆయనేమో చెట్టుకి ఆనుకుని అప్పుడే కునుకు తీస్తున్నారు. మీ తమ్ముడు మంగళవారం కువైట్ విమానం ఎక్కుతున్నాడని అత్తయ్య చెప్పింది. ఫోన్లో అయితే మనం ‘ఏరా, ఏంట్రా, సరేరా’ దాటి పోము. అందుకే రాస్తున్నాను. పైగా నీకు ఒక పని కూడా ఉంది. అది చివర్లో చెప్తాను, ముందే చూడకు.

ఈ పరీక్ష మన కాలంలో లేదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12 వేలు పిల్లాడి ఖాతాలో పడతాయి. ఇంట్లో ఏడాది ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. మన రాష్ట్రం మొత్తానికి ఇచ్చేది 4,087 మందికి. 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. సగం పాఠాల్లోంచి, సగం బుర్రకి మేత. అద్దంలో గడియారం నాలుగున్నర చూపిస్తే అసలు టైమెంత, ఇలాంటివి. రెండు నెలల నుంచి సాయంత్రాలు కూర్చోబెట్టి చేయిస్తున్నాం. ఒకడికి ఈ లెక్కలు ఎంత వంటబట్టాయంటే, బార్బర్ షాపులో అద్దంలో గడియారం చూసి టైము చెప్పి, వాళ్ళ నాన్న చేత ‘శెభాష్’ అనిపించుకున్నాడట. వాడొక్కడికి వస్తే చాలు నాకు.

సరే, ఈ వారం సంగతి మొదటి నుంచీ చెప్తాను.

సోమవారం మొత్తం అపార్ మింగేసింది. దేశంలో ప్రతి విద్యార్థికీ ఒక నంబరట. నంబరు మంచిదే. కానీ అది పుట్టాలంటే ఆధార్‌లో పేరు, బడి రిజిస్టరులో పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. మన ఊళ్ళో అది కలిసే పనేనా? ఒకడికి బడిలో ఇంటిపేరు ముందుంటే ఆధార్‌లో వెనకుంది. ఒక పిల్లకి ఆధార్‌లో అసలు ఇంటిపేరే లేదు. ఇంకొకడు ఆధార్ ప్రకారం వాళ్ళ చెల్లెలి కన్నా మూడు నెలలు చిన్నవాడు. వాళ్ళ నాన్నని పిలిపించి అడిగితే ‘ఏదో ఒకటి ఎక్కించెయ్యండి మాస్టారూ’ అన్నాడు. ఎక్కించెయ్యడానికి ఇదేమన్నా ఆటోనా? పాఠం చెప్పాల్సిన గంటల్లో నేను పుట్టిన తేదీలు దిద్దుతున్నాను. పొద్దున్న ఫోన్ యాప్‌లో మా ముఖాలు చూపించి హాజరు వేసుకోవడం ఎలాగూ ఉంది. సిగ్నలు మన వేపచెట్టు దగ్గరే వస్తుంది. మన డ్రిల్లు మాస్టారు మనల్ని గోడకుర్చీ వేయించిన చోటే ఇప్పుడు మేం వరసగా ఫోన్లు ఎత్తి పట్టుకుని నుంచుంటున్నాం. చూసి పిల్లలు నవ్వుకుంటారు. నవ్వరా మరి.

మంగళవారం చెప్పుకోడానికి పులిహోర తప్ప ఏమీ లేదు. మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు, తెలుసా? కోనసీమలో వచ్చిన వాళ్ళకి వచ్చినట్టు అన్నం పెట్టిన మహాతల్లి పేరు. ఈ పథకానికి అంతకన్నా తగిన పేరు నాకు తోచదు. అయితే ఆ అన్నం వండే మన వంటమ్మలకి ఇప్పటికీ నెలకి మూడు వేలే.

బుధవారం. నీకూ వార్తల్లో తెలిసే ఉంటుంది, భూకంపం! పొద్దున్న ఏడున్నర కావస్తోంది. నేను టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద ఉన్నాను. లోపల అటక మీద గిన్నెలు గలగలమన్నాయి. ‘ఆ పిల్లిని తోలండి’ అని మా ఆవిడ వంటింట్లోంచి కేక. పిల్లేమో నా కాళ్ళ దగ్గరే ఉంది. నాలుగైదు సెకన్లు, అంతే. వీధిలోకి వచ్చి చూస్తే అందరూ బయటే ఉన్నారు, సగం మంది నోట్లో బ్రష్షులతో.

ములుగు దగ్గర కేంద్రం, 5.3 తీవ్రత అని కాసేపటికి టీవీలో వచ్చింది. ఇరవై ఏళ్ళుగా సోషల్ చెబుతున్నాను, పాఠం దానంతటది నడిచి క్లాసులోకి రావడం ఇదే మొదటిసారి. పదో తరగతి గదిలో అడుగుపెట్టగానే అరవై కళ్ళు నా మీదే. ఒకడు వాళ్ళ గేదె ముందే లేచి నుంచుందన్నాడు. ఇంకొకడు మంచం తనంతట అదే జరిగిందన్నాడు. మంచం జరిగినా వీడు మాత్రం లేవలేదట! డిజిటల్ ప్యానెల్ మీద మ్యాపు పెట్టి, ములుగు నుంచి మన దాకా వేలితో గీత గీశాను. గోదావరి లోయ అంటే నది కోసుకున్న లోయ ఒక్కటే కాదని, కోట్ల ఏళ్ళ కిందట రెండు పగుళ్ళ మధ్య నేల కిందకి దిగబడిన చోటని, అందులో పేరుకున్న పొరల్లోనే సింగరేణి బొగ్గు ఉందని బొమ్మ వేసి చెప్పాను. 1969లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చిందని చెప్తుంటే మన నైట్ వాచ్‌మన్ తాత కిటికీ దగ్గర నుంచి ‘అవును బాబూ, అప్పుడు మా పాకలో కుండలన్నీ పోయాయి’ అని అందుకున్నాడు. ఇంకేముంది, పిల్లలు నన్నొదిలేసి తాతని పట్టుకున్నారు. నాకేం బాధ లేదు, నా కన్నా ఆయనే బాగా చెప్పాడు.

ఆఖర్న వెనక బెంచీ నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ‘మన కింద కూడా బొగ్గుందా సార్?’ అని. చింతలపూడి వైపు ఉందని జియలాజికల్ సర్వే వాళ్ళు ఎప్పుడో తేల్చారు, కాకపోతే చాలా లోతులో ఉందన్నాను. ‘అయితే మా పొలం అమ్మొద్దని మా నాన్నకి చెప్తా సార్’ అన్నాడు. వాడికున్నది ఎకరం పామాయిల్ తోట. చెప్పమన్నాను.

గురువారం మాకు ఓట్ల పండగ. షేక్ సాబ్జీ గారు కిందటి డిసెంబరులో రోడ్డు ప్రమాదంలో పోయారు కదా, ఆ టీచర్ ఎమ్మెల్సీ సీటుకి ఉప ఎన్నిక. నెల రోజులుగా స్టాఫ్‌రూమ్‌కి వచ్చి దండం పెట్టని వాళ్ళు లేరు. ఈ ఓటు మామూలు ఓటు కాదురా. మీట నొక్కడం ఉండదు. వాళ్ళిచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతో పేర్ల ఎదురుగా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వెయ్యాలి. మన పెన్నుతో వేస్తే చెల్లదు. పిల్లలకి ‘బ్లూ పెన్నుతోనే రాయాలి, మార్జిన్ దాటొద్దు’ అని చెప్పే మేమంతా బూత్ బయట ఒకరినొకరం ‘టిక్కు కాదు కదా, అంకే కదా’ అని అడుక్కోవడం చూడాలి నువ్వు. మా ఆవిడ ప్రాథమిక పాఠశాల టీచరు కాబట్టి ఆవిడకి ఓటు లేదు. ‘అ ఆలు నేర్పిన వాళ్ళం పనికిరాలేదు గాని’ అని దెప్పుతూనే ఇస్త్రీ చొక్కా తీసి ఇచ్చింది. ఆవిడ మాటకి నా దగ్గర జవాబు లేదు. లెక్కింపు రేపు, కాకినాడలో.

శుక్రవారం అంతా శనివారం కోసమే. ఊడవడం, ముగ్గుపిండి, షామియానా, అరువు కుర్చీలు. హెడ్మాస్టరు గారికి బీపీ మాత్ర రెండుసార్లు గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

ఇక శనివారం. రాష్ట్రంలో ప్రభుత్వ బళ్ళన్నిట్లో ఒకే రోజు తల్లిదండ్రుల మీటింగు. ముఖ్యమంత్రి కూడా బాపట్ల మున్సిపల్ హైస్కూల్లో కూర్చున్నారు. మన రోజుల్లో బడికి నాన్నని రమ్మన్నారంటే ఇంటికెళ్ళాక వీపు విమానం మోతేగా? నేను మార్కుల కాగితం మీద మా నాన్న సంతకం పెట్టింది, నువ్వు పక్కన కాపలా కాసింది మర్చిపోయావా? ఇప్పుడు తండ్రుల్ని పిలిచి కుర్చీ వేసి, పిల్లాడి చేత మంచినీళ్ళు ఇప్పించి, అప్పుడు చెబుతున్నాం మార్కులు. కూలి పోతుందని ఎవరూ రారనుకున్నాను. రెండొందల మంది దాకా వచ్చారు. వేసిన కుర్చీలు చాలక ఎనిమిదో తరగతి బెంచీలు బయటికి మోయించాం.

తల్లులకి ముగ్గుల పోటీ పెట్టాం. జడ్జి ఎవరనుకున్నావు? మీ అమ్మే. ఊళ్ళో అత్తయ్య ముగ్గుకి వంక పెట్టే వాళ్ళు లేరు కదా అని హెడ్మాస్టరు గారే వెళ్ళి పిలుచుకొచ్చారు. అత్తయ్య చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి తిరిగి, ‘చుక్కలు లెక్క తప్పాయి, గీత వణికింది, రంగులు పోసి కప్పెట్టారు’ అని ఎవరికీ మొదటి బహుమతి ఇవ్వనంది. పది నిమిషాలు బతిమాలాం. చివరికి ‘సరే, పెట్టండి, కానీ నేను ఒప్పుకున్నానని మైకులో చెప్పొద్దు’ అంది. గెలిచినామె ఇప్పుడు బహుమతి స్టీలు డబ్బా పట్టుకుని ఊరంతా ఏం చెబుతోందో నేను రాయను. అత్తయ్యని అడుగు.

తండ్రులకి తాడులాట. తండ్రులు ఒకవైపు, మాస్టార్లం ఒకవైపు. తాడు బోరు మోటారు దింపేది, ఎంత పాతదో ఎవరూ చూడలేదు. విజిల్ వెయ్యగానే లాగాం, వాళ్ళూ లాగారు, టప్పున తెగింది. మేం ఏడుగురం ఒకరి మీద ఒకరం వెల్లకిలా పడ్డాం. అందరికన్నా కింద లెక్కల మాస్టారు, ఆయన మీద నేను. ఆ క్షణం పిల్లలు వేసిన కేక ఉంది చూశావూ, రిపబ్లిక్ డేకి కూడా అంత గట్టిగా అరవలేదు. నడుం ఇప్పటికీ పట్టేసి ఉంది, అందుకే ఈ రాత ఇలా వంకరగా ఉంది. మధ్యాహ్నం అందరం కింద కూర్చుని పిల్లలతో పాటు తిన్నాం. శనివారం కాబట్టి చక్కెర పొంగలి. ఒకాయన రెండోసారి పెట్టించుకుని ‘రోజూ ఇదే పెడతారా, అయితే నేనూ చేరతాను’ అన్నాడు.

ఇప్పుడు నీ పని.

వారం ముందు తెలుగు మేడమ్ పిల్లలందరి చేతా అమ్మానాన్నలకి ఆహ్వాన పత్రికలు తయారు చేయించారు. డ్రాయింగ్ షీటు మడిచి, పువ్వులు వేసి, లోపల సొంత మాటల్లో రాయాలి. ఏడో తరగతిలో ఒక పిల్ల వాళ్ళమ్మకి రాసింది. అమ్మ కువైట్‌లో ఉంది, ఇళ్ళలో పనికి వెళ్ళి రెండేళ్ళు దాటింది. ఈ పిల్ల అమ్మమ్మ దగ్గర ఉంటోంది. అమ్మమ్మకి ఇంకో కార్డు రాయమని మేడమ్ అంటే, ‘అమ్మమ్మకి చదవడం రాదు మేడమ్, నోటితో చెప్తాను. కార్డు అమ్మకే’ అందట. కార్డులో ఏముందో నీకు దించి రాస్తాను, ఎందుకంటే నువ్వు అది విప్పకూడదు.

‘అమ్మా, శనివారం మా స్కూల్లో మీటింగు. నువ్వు రాలేవని నాకు తెలుసు. అందరూ రాయాలన్నారని రాస్తున్నాను. తెలుగులో 71 వచ్చాయి. లెక్కల్లో 27 వచ్చాయి. అమ్మమ్మకి అంకెలు తెలీవు కాబట్టి 72 అని చెబుదామనుకున్నాను, కానీ లెక్కల మాస్టారు పక్కనే కూర్చుంటారట. నువ్వు పంపిన వాచీ పెట్టుకుని వెళ్తాను. నీళ్ళు ఎక్కువ తాగు.’

మీటింగులో అమ్మమ్మ వచ్చింది, ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసింది. లెక్కల మాస్టారు 27 సంగతి ఎత్తకుండా ‘అమ్మాయికి తెలుగు బాగా వస్తుందండీ’ అని ఊరుకున్నారు. ఆయన మనసు మంచిదని నేను ఎప్పుడూ చెబుతూనే ఉంటాను, నువ్వు నమ్మవు. అన్నీ అయ్యాక ఆ పిల్ల కార్డు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, ‘సార్, మీ ఫ్రెండు కువైట్‌లోనే ఉంటారంట కదా’ అంది. ఊరన్నాక ఏదీ దాగదు.

కువైట్ అంటే దానికి మన ఊరంత అనుకుంటోంది. నువ్వుండేది ఫర్వానియా, వాళ్ళమ్మ ఉండేది జహ్రా వైపట. ఎంత దూరమో నాకు తెలీదు, ఎంతైనా వెళ్ళు. ఆమె ఫోన్ నంబరు మీ తమ్ముడికి ఇచ్చాను. ముందు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టు. పనిలో ఉండగా ఫోన్ చేస్తే ఆ ఇంటివాళ్ళతో మాట వస్తుందేమో. నీకు శుక్రవారం సెలవు గాని ఆమెకి ఉంటుందో లేదో, ఎప్పుడు బయటికి రానిస్తారో కనుక్కుని ఆ టైముకే వెళ్ళు. కార్డు ఈ షీట్ల మధ్యనే ఉంది, పైన మందారం బొమ్మ ఉంటుంది. మీ తమ్ముడు పచ్చడి సీసాలతో కలిపి సర్దుతాడని నా భయం, నూనె అంటకుండా ప్లాస్టిక్ కవర్‌లో పెట్టాను. మడత పడనివ్వకు.

గంట కొట్టారు. అద్దం గడియారం వాడే ముందు పరిగెత్తుకొస్తున్నాడు, ముఖం చూస్తే బాగానే రాసినట్టున్నాడు. వీళ్ళకి ఇడ్లీ పెట్టించి ఊరు చేర్చాలి.

నీ బావ

ఇంకో మాట: ఆమెని కలిశాక నాకు ఫోన్ చెయ్యి. సోమవారమైనా, ఏ వారమైనా, పొద్దున్న ఎనిమిదిన్నర లోపు. ఆ పిల్ల బడికి తొందరగా వచ్చేస్తుంది.