2020 లెక్క చెప్పి 2047 మాట్లాడండి

సంపాదకుడు గారికి,

అయ్యా, మొన్న ఆదివారం కాదు, అంతకు ముందు ఆదివారం మీ పత్రిక మొదటి పేజీలో 2047 నాటికి మన దేశం సాంకేతికంగా ఎంత ఎత్తున ఉంటుందో రంగుల బొమ్మతో సహా వేశారు. కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, పేపర్ ముట్టుకోవద్దన్నారు కాబట్టి ఆలస్యంగా చదివాను. చదివాక ఇంకో వారం ఆ కట్టు ఉంచుకున్నా బాగుండేదనిపించింది.

అంత పెద్ద వార్తలో 2020 అనే అంకె ఒక్కచోట కూడా లేదు. మర్చిపోయారా, మర్చిపోమన్నారా?

1996లో, కలాం గారు అధ్యక్షులుగా ఉన్న టైఫాక్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ 'టెక్నాలజీ విజన్ 2020' అని పాతిక సంపుటాలు తెచ్చింది. ఆహారశుద్ధి దగ్గర్నుంచి జలమార్గాల దాకా ఏ రంగంలో ఏం చేయాలో వందలమంది నిపుణులు కూర్చుని రాశారు. మంచి పనే, కాదనను. తీరా ఆ 2020 వచ్చేసరికి మనం కరోనాకి భయపడి ఇంట్లో మాస్కులు కుట్టుకుంటున్నాం. రాసిందేమిటి, జరిగిందేమిటి అని జనం ముందు లెక్క చెప్పినవాళ్లు లేరు. చెప్పే అవసరమూ రాలేదు లెండి. అప్పటికే, 2016 జనవరిలో మైసూరు సైన్స్ కాంగ్రెస్‌లో ప్రధాని చేతుల మీదుగా 'టెక్నాలజీ విజన్ 2035' విడుదలైపోయింది. 2035కి ఇంకా పదేళ్లు కూడా లేవు, దాని ఊసెత్తేవాళ్లు లేరు. ఇప్పుడు 2047. మా వీధి కిరాణా కొట్టు శెట్టిగారు కూడా పాత బాకీ ఎంతో చూడకుండా కొత్త పుస్తకంలో పద్దు రాయడు.

పరిశోధనకు జీడీపీలో 2 శాతం ఖర్చు పెడతామని 2003లో విధానం రాసుకున్నారు, అదీ పదో పంచవర్ష ప్రణాళిక ముగిసేలోగా, అంటే 2007 కల్లా. 2013లో ఇంకో విధానం వచ్చింది, అందులోనూ అదే 2 శాతం. 2020-21లో పెట్టింది 0.64 శాతం. దక్షిణ కొరియా 5 శాతానికి దగ్గర్లో ఉంది. ఈ మూడు అంకెలు పక్కపక్కన వేస్తే మీ రంగుల బొమ్మకి చోటు కూడా కలిసొచ్చేది.

ఫోన్లలో, కంప్యూటర్లలో వాడే చిప్పుల, అదే సెమీకండక్టర్ల, సంగతి చెబితే కోపం వస్తుంది. పంజాబ్‌లోని మొహాలీలో ప్రభుత్వ కర్మాగారం 1984లో చిప్పులు తయారు చేయడం మొదలుపెట్టింది. ఇవాళ ప్రపంచమంతా చేతులు జోడించే తైవాన్ కంపెనీ టీఎస్‌ఎంసీ పుట్టింది 1987లో. 1989లో మొహాలీలో అగ్నిప్రమాదం జరిగింది, కోలుకోవడానికి ఏళ్లు పట్టింది. నిప్పంటుకోవడం ఎవరి చేతుల్లోనూ లేదు, ఒప్పుకుంటాను. ఆర్పాక ఏం చేశాం? 2021 డిసెంబరులో 76 వేల కోట్లతో సెమీకండక్టర్ మిషన్ ప్రకటించాం. మధ్యలో మన హైదరాబాద్ శివార్లలో 2006లో ఫ్యాబ్ సిటీ అన్నారు. అనుకున్న చిప్పుల ఫ్యాక్టరీ రాలేదు. చుట్టుపక్కల వెంచర్లు మాత్రం వచ్చాయి. మా బావమరిది అప్పట్లో అక్కడ రెండు ప్లాట్లు కొన్నాడు. నాకు తెలిసి సెమీకండక్టర్ల వల్ల బాగుపడ్డ మొదటి వ్యక్తి ఆయనే. వృత్తి, బట్టల వ్యాపారం.

ప్రణాళికలే వద్దని నేననడం లేదు. మా ఇంటికొచ్చిన మొదటి టీవీ ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ వాళ్లది, ఇక్కడే తయారైంది. ప్రభుత్వం బాలానగర్‌లో ఐడీపీఎల్ మందుల కర్మాగారం పెట్టకపోతే, అక్కడ పనిచేసిన డాక్టర్ రెడ్డీస్ అంజిరెడ్డి గారి లాంటివాళ్లు బయటికొచ్చి కంపెనీలు పెట్టకపోతే హైదరాబాద్‌కి మందుల పరిశ్రమ ఎక్కడిది? విత్తనం వేయడం మనకి వచ్చు. నీళ్లు పోయడమే రాదు. ఒకప్పుడు దేశంలోనే తయారైన పెన్సిలిన్-జి అనే యాంటీబయాటిక్ ముడిసరుకుని, చైనా సరుకు చౌకగా వస్తోంది కదా అని వదిలేశాం. మళ్లీ ప్రోత్సాహకాలిచ్చి, 2024లో కాకినాడ దగ్గర మొదలుపెట్టించుకోవాల్సి వచ్చింది. వదిలేసిన ఆ మధ్య కాలానికి ఏ విజన్ అని పేరు పెట్టాలి?

పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, కాబట్టి ఢిల్లీ సంగతుల కంటే ల్యాబ్ సంగతులు బాగా తెలుసు. ఒక ఏడాది మాకు మైక్రోప్రాసెసర్ కిట్లు వచ్చాయి, మార్చి 28న. 31 దాటితే బడ్జెట్ మురిగిపోతుందని ఆగమేఘాల మీద కొన్నారు. ఎనిమిది కిట్లు. పవర్ సప్లైలు లేవు. అడిగితే అవి వేరే పద్దు, వచ్చే ఏడాది పెట్టుకోండి అన్నారు. పెట్టుకున్నాం. రెండేళ్లకి వచ్చాయి. అప్పటికి సిలబస్ మారిపోయింది. ఆ కిట్ల మీద నేను వేసిన సంతకాలు, ఆడిట్ వాళ్లకిచ్చిన సంజాయిషీలు కలిపితే ఒక సంపుటమవుతుంది. కూట్లో రాయి తీయలేనివాడు ఏట్లో రాయి తీస్తాడట! ఇప్పుడైతే ల్యాబ్ గొడవే లేదనుకోండి, బోర్డు మీద కంప్యూటర్ సైన్స్ పక్కన ఏఐ అని రాస్తే సీట్లు నిండుతున్నాయి. మెకానికల్, సివిల్ చదివేవాళ్లేరి? 2047లో ఆ ఫ్యాక్టరీల్లో లేత్ ఎవరు తిప్పుతారు?

అధికారులననేం లాభం, మీ పత్రికకీ బాధ్యత లేదా? ఈసారి ఇలాంటి విజన్‌లు ప్రకటించే సమావేశానికి మీ విలేకరిని పంపినప్పుడు శాలువాలు లెక్కపెట్టడం మానేసి ఒక్క ప్రశ్న అడగమనండి: 2020 నాటికి చేస్తామన్న పనుల్లో ఎన్ని అయ్యాయి, ఎన్ని కాలేదు, ఎందుకు? పుస్తకం దొరకదంటారేమో. మా కాలేజీ లైబ్రరీలో పాత పుస్తకాలు తూకానికి వేస్తుంటే ఎలక్ట్రానిక్స్ సంపుటం ఒకటి తెచ్చుకున్నాను. అట్ట కాస్త చెదలు తింది, లోపల బాగానే ఉంది. మీ విలేకరి ఇంటికొస్తే ఇస్తాను. చదివి మళ్లీ తెచ్చివ్వాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పాలిటెక్నిక్ లెక్చరర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్