నడుం నొప్పికి ముందే ఆపరేషనా?

సంపాదకులు గారికి నమస్కారమండి,

మా పర్లాకిమిడి వైపు ఊడుపులు ఊడ్చేవాళ్లు, మూటలు మోసేవాళ్లు నడుం పట్టేసి గోడ పట్టుకుని లేస్తుంటారు, ఎమ్మారై స్కాన్‌లో డిస్క్ (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు లాంటిది) జారిందనగానే భయపడి ఆపరేషన్‌కి పొలం తాకట్టు పెట్టేస్తున్నారు. నొప్పి లేనోళ్ల స్కాన్‌లో కూడా డిస్క్ ఉబ్బు కనపడుతుందండి, కాలు లాగే సయాటికా కూడా చాలామందికి 6 నుంచి 12 వారాల్లో మందులు, ఫిజియోథెరపీ, మెల్లగా నడకతోనే తగ్గుతుంది, మంచం దిగకపోతే ఇంకా బిగుసుకుపోతుంది. అప్పటికీ తగ్గకపోతే మైక్రోడిసెక్టమీ, అంటే చిన్న కోతతో జారిన డిస్క్ ముక్కని తీసేసే ఆపరేషన్, మంచిదే. కానీ మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, పాదం పైకి లేవకపోయినా నాటు కట్లతో కూర్చోకుండా వెంటనే బరంపురం ఎంకేసీజీ ఆస్పత్రికో విశాఖ కేజీహెచ్‌ ఆస్పత్రికో పరిగెత్తాలి. మావైపు సర్కారు ఆస్పత్రుల్లో ఫిజియోథెరపిస్ట్‌ని వారమంతా ఉంచాలి, ఈ లక్షణాలు ఒడియాతో పాటు తెలుగులోనూ గోడల మీద రాయించాలి.

- ఒక పాఠకుడు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా